ఏటికి అవతల రాయి

అమ్మా యాంగ్జోమ్,

మన ఊరివైపు ఉప్పు తోలుకెళ్తున్న జడలబర్రెల వాళ్ల చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కూర్చుని చదువు.

ముస్తాంగులో మన గడప నుంచి కైలాసం దాకా సాష్టాంగపడుతూ, ఒంటితో దారి కొలుస్తానని మీ అమ్మ బయల్దేరింది కదా. రోజూ ఆఖరిసారి ఆమె చేతివేళ్లు తగిలిన చోట నేను ఒక రాయి పెట్టేవాణ్ణి. మర్నాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టేది. మొన్న జ్వరంతో ఆగిపోయింది. ఎదురుగా మంచునీళ్ల ఏరు. చూడలేక, ఆమె పడుకున్నాక రాయిని అవతలి ఒడ్డున పెట్టాను.

పొద్దున్న లేస్తూనే కనిపెట్టేసింది.

"ఏం ముసలోడా, రాయికి కాళ్లొచ్చాయా?" అంది.

"నలభై అడుగులేనే. కొండేమన్నా లెక్కపెడుతుందా?" అన్నాను.

"కొండ పెట్టదు, నా ఒళ్లు పెడుతుంది. దాన్ని అక్కడే ఉండనీ, నేనే వస్తా."

ఆ నీళ్లలోనే పడుతూ లేస్తూ దాటింది. ఒడ్డెక్కి సాగిలపడి చేతులు చాపింది. వేళ్లు రాయికి తగిలాయి. ఇక లేవలేదు.

మిగిలిన దారి ఇంట్లోవాళ్లే ఎవరైనా అక్కణ్ణుంచి పూర్తిచెయ్యాలంటున్నారు ఇక్కడివాళ్లు. నీకా నెలలు నిండాయి. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. రమ్మని రాయడం లేదు.

రాయి మాత్రం ఇప్పుడు సరైన చోటే ఉంది. మంచు కప్పేస్తోంది. తుడుస్తూ కూర్చున్నాను.

మీ నాన్న