పూజలోంచి తీసిన జాకీ

అంబత్తూరు నుంచి

నాయనకు నీ కూతురు సుజాత నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నావా? ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోనులో నేను సగం చెప్పేలోపే పెట్టేస్తావు. కాగితాన్నయితే కోపంతో పక్కన పడేసినా మళ్లీ తీసి చదువుతావు. నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ ఉక్కపోత పోయి వానలు మొదలయ్యాయి. హాస్టల్లో పొద్దునా సాంబారే, రాత్రీ సాంబారే. కారం అడిగితే నన్ను వింతగా చూస్తారు. తమ్ముడు శీనుగాడు ఇటు వచ్చేటప్పుడు అమ్మ చేత ఇంత కందిపొడి కొట్టించి పంపు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. సోమవారం పొద్దున షెడ్డు షట్టరు ఎత్తగానే అన్నీ మరిచిపోతాను. కొండలూ గుట్టలూ ఎక్కే జీపులు బాగుచేసే షెడ్డు మాది. పని నాకిష్టం. బాగానే ఉన్నాను, బెంగపడొద్దు.

ఇక అసలు సంగతి. "అక్క ఆయుధపూజలో అపచారం చేసిందంట, పని పోతాదంట" అని తమ్ముడు నీకు మోసేశాడట. తప్పు ఒప్పుకుని పని నిలబెట్టుకో, లేదంటే మూటా ముల్లె సర్దుకుని ఇంటికి రా అని నువ్వన్నావట. ముందు జరిగింది విను.

పూజ రోజు షెడ్డు కడిగి, టేకు పీట మీద జాకీలూ స్పానర్లూ పేర్చి, గంధం కుంకుమ పెట్టి హారతి ఇచ్చాం. మర్నాడు పొద్దున మళ్లీ పూజ అయ్యేదాకా ఆ సామాను ఎవరూ ముట్టకూడదు. ఊళ్లో మన ట్రాక్టర్ల షెడ్డులోనూ అంతే కదా. ఓనరు నాయుడుగారు భోజనానికి ఇంటికి వెళ్లారు. అప్పుడొచ్చింది ఫోను. మా దగ్గరికి వచ్చే ఒకాయన జీపు సముద్రం ఒడ్డున ఇసుకలో ఇరుసుదాకా దిగబడింది, అల దగ్గరికి వస్తోంది. ఊరు చూడ్డానికొచ్చినవాళ్లను అందులో తిప్పితేనే ఆయనకు పూట గడిచేది.

నాయుడుగారికి ఫోను చేశాను. "వ్యానులో చిన్న జాకీ ఉండాది కదమ్మా, అది ఎత్తుకోని పోండి. పూజలోది ముట్టబాకండి" అన్నారు.

చదునైన తారురోడ్డు మీద సీసాలా ఉండే ఆ చిన్న బాటిల్ జాకీకి మించింది లేదు. ఇసుకలో దేనికీ కొరగాదు. ఇరుసు కింద జానెడు జాగా ఉంటేగా దాన్ని దూర్చడానికి! తవ్వి దూర్చినా బండి లేవదు, జాకీ దిగుతుంది. కావలసింది పళ్ల కడ్డీ ఉన్న పొడుగు జాకీ. బంపరుకు తగిలిస్తే బండిని నడుమెత్తుదాకా లేపుతుంది. అది కుంకుమ పెట్టుకుని పూజలో కూర్చుంది. నేను తీశాను. దాని కింది పీటా తీశాను.

"వేణాం అక్కా, సామి కుత్తం" అని, వద్దక్కా దేవుడికి అపచారమని అరవంలో అంటూ డ్రైవరు సెల్వం చెంపలేసుకున్నాడు.

"సామికి కోపమొస్తే నా మీదికే రానీ, నువ్వు బండి తియ్యి" అన్నాను.

పీట ఎందుకో నీకు చెప్పాలా? పెన్న ఇసుకలో ట్రాక్టరు దిగబడిందని కబురొస్తే చాలు, "ముందు పీట ఎయ్యండ్రా ఎదవల్లారా! జాకీకి కాలు ఆనకుంటే బండేం లేస్తాది?" అని పనివాళ్ల మీద అరిచేవాడివి. షెడ్డు గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని, ఆడపిల్లకు ఇక్కడేం పనని నన్ను బయటే నిలబెట్టావు. నీ తిట్లు మాత్రం గడప దాటి వచ్చేవి నాయనా. ఒక్కటీ పోనివ్వలేదు.

ఒడ్డుకు చేరాక, ఓనరు మాట కొట్టెయ్యకూడదని ముందు చిన్న జాకీనే పెట్టాను. బురదలో మేకులా దిగిపోయింది. అప్పుడు పీట వేసి, దాని మీద పొడుగు జాకీ నిలబెట్టి, అందరినీ దూరంగా జరగమన్నాను. అదేమీ సాధుజంతువు కాదు. పట్టు జారితే పిడి ఎగిరి దవడ పగలగొడుతుంది, బండి పక్కకు ఒరిగిపోతుంది. తల పక్కకు పెట్టుకునే పిడి కొట్టాను. బండి కిందికి చెయ్యి పెట్టకుండా, పారతోనే చక్రాల కింద ఇసుక తోశాం. రబ్బరు పట్టాలు పరిచి, బండి దించి, టైర్లలో గాలి తగ్గించాం. జీపు బయటికొచ్చింది. ఆయన నా చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. పీట మాత్రం నిలువునా చీలింది.

మర్నాడు నాయుడుగారు దాన్ని చూసి కూలబడ్డారు. "మా తాత చేయించిన పీటమ్మా ఇది. బండి పోతే ఇంకోటి వస్తాది, ఇది వస్తాదా? శుక్రవారం పూజలో అందరి ముందరా కర్పూరం వెలిగించి, జాకీ తీసింది తప్పయిందని చెప్పు. లేదా వేరే పని చూసుకో" అన్నారు.

ఆయన బాధ నాకు తెలియంది కాదు. పీట చీలినందుకు నా కడుపూ తరుక్కుపోయింది, ఆ మాట ఆయనతోనే అన్నాను. కానీ జాకీ తీసింది తప్పని చచ్చినా అనను. గంధం పూసిన జాకీ మనిషి ఆపదకు పనికి రాకపోతే ఆ గంధం దేనికి? కర్పూరం వెలిగిస్తాను, సాష్టాంగపడి దణ్ణం పెడతాను. ఆ ఒక్క మాట మాత్రం నా నోట రాదు.

రేపే శుక్రవారం. ఉంచితే ఉంటాను. పొమ్మంటే, నువ్వన్నట్టే మూటా ముల్లె సర్దుకుని వస్తాను. అయితే వంటింట్లోకి రాను నాయనా, షెడ్డులోకి వస్తాను.

అమ్మకూ మేనత్తకూ నా నమస్కారాలు చెప్పు. చాడీలు మోసినందుకు శీనుగాడికి నా పేరు చెప్పి ఓ మొట్టికాయ వెయ్యి. నన్ను దీవించు, నీ దీవెన లేనిదే నాకు చెయ్యి ఆడదు. దీవించి, గడపకు అడ్డంగా ఉన్న ఆ కుర్చీ తీసెయ్యి.

నీ కూతురు
సుజాత