మానిన గాయం

దుర్గి,
14-4-84

లీలక్కకి,

నీ ఆసుపత్రి డ్యూటీలు ఎలా ఉన్నాయో అడగను. అడిగితే నాలుగు పేజీలు రాస్తావు. మన లారీ షౌకత్ సాయంత్రం నాపరాళ్ల లోడుతో గుంటూరు వస్తున్నాడు. పోస్టు డబ్బాని నమ్మకుండా ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

నాన్న పాదంలో ఉలి దిగింది. పది రోజులైంది. పోలేరమ్మ విగ్రహం చెక్కుతూ, కింద పడిన ఉలి మీద కాలేశాడు. మాచర్ల వెళ్లి సూది వేయించుకోమంటే ససేమిరా అన్నాడు. వచ్చే శుక్రవారం అమ్మవారికి కళ్లు చెక్కి తెరవాలి కదా. ఒంటి మీద పచ్చి పుండున్న శిల్పి ఆ పని చెయ్యకూడదని మనవాళ్ల కట్టుబాటు. డాక్టరు కట్టుతో కనిపిస్తే ఊరివాళ్లు విగ్రహాన్ని ఇంకొకరికి అప్పగిస్తారని ఆయన భయం.

అందుకని బైరాగుల దగ్గర గంజాయి ఆకు తెచ్చి, నూరి పెట్టుకుంటున్నాడు. తాతల నాటి వైద్యమే. నా ఖర్మకొద్దీ, ఈ ఏడాది కాలేజీలో గోపాలకృష్ణయ్య మాస్టారూ నేనూ పరీక్షిస్తున్నది ఆ ఆకునే. చీములోని సూక్ష్మజీవుల్ని గాజుపళ్లెంలో పెంచి, ఆకు రసంలో తడిపిన కాగితం బిళ్ల మధ్యలో పెడితే, మర్నాటికి ఆ బిళ్ల చుట్టూ ఒక్కటీ మిగలదు. సెలవులకి రాగానే ఈ గొప్పంతా నాన్న ముందు చెప్పుకున్నాను. ఇప్పుడు సూది మాటెత్తితే, "నీ గాజుపళ్లెంలో చచ్చిన పురుగులు నా కాల్లో చావవా ఏంది? ఇంక సూదెందుకే?" అని నా నోరు మూయించాడు.

నిజానికి ఆకు పని చేసింది. చీము లేదు, వాసన లేదు. పెరడంతా ఈగలు ముసురుతున్నా ఆ పాదం మీద ఒక్కటీ వాలదు. మొదట్లో సంతోషించాను. ఇప్పుడు అటు చూడలేకపోతున్నాను.

ఎందుకంటే నిన్నటి నుంచి నాన్న నవ్వుతున్నాడు. నీ పెళ్లిలో ఫోటోగ్రాఫరు బతిమాలినా నవ్వని మనిషి! కళ్లు లేని ఆ విగ్రహం ముందు కూర్చుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. పళ్ల సందునే అమ్మని తిడుతున్నప్పుడూ అదే నవ్వు. నోరు తెరవలేక గంజితో సరిపెడుతున్నాడు. పొద్దున పక్కింట్లో బిందె పడిన చప్పుడుకి వీపు వెనక్కి విరుచుకుపోయింది. "అమ్మోరు పూనిందే!" అంటూ అమ్మ పసుపునీళ్లు పోసింది. రేపు డప్పులు పెట్టిస్తుందట. నాకు చానా భయంగా ఉంది. ఆయన కళ్లలో నవ్వు లేదక్కా.

నీ చెల్లెలు,
కృష్ణవేణి

◆

గుంటూరు,
15-4-84, ఉదయం

వేణీ,

షౌకత్‌ని గేటు దగ్గర నిలబెట్టి రాస్తున్నాను. అది పూనకం కాదు, నవ్వూ కాదు. టెటనస్. మనవాళ్లు ధనుర్వాతం అంటారే, అది. దాని క్రిమి గాలి సోకని చోట, లోతులో పెరిగి విషాన్ని నరాలకెక్కిస్తుంది. మీ ఆకు పైపైనే శుభ్రం చేసింది.

ముందు డప్పులు ఆపించు. చప్పుడుకి ఒళ్లు విరుచుకుంటుంది, ఊపిరి కూడా ఆగిపోవచ్చు. ఊరికే తాకొద్దు, నీళ్లు పట్టొద్దు. లారీలో గడ్డి పరిచి, పైన దుప్పటి కట్టి తీసుకురా. హారన్ కొట్టొద్దని షౌకత్‌కి చెప్పాను. మంచం, మందు సిద్ధం చేయించి ఇక్కడే ఉంటాను. అమ్మ తిడితే తిట్టనీ. నాన్నని తీసుకురావే తల్లీ.

లీల

◆

దుర్గి,
28-4-84

అక్కా,

కర్మకాండ అవ్వగానే నువ్వు డ్యూటీకి వెళ్లిపోయావు. ఆ రోజు ఇక్కడ జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

షౌకత్ వచ్చేసరికే డప్పులు మొదలయ్యాయి. దెబ్బ పడ్డప్పుడల్లా నాన్న తలా మడమలూ మాత్రమే మంచానికి ఆని, ఒళ్లంతా పైకి లేచేది. డప్పు ఆగితే కూలబడేవాడు. "అమ్మోరు దరువుకి ఆడతంది, ఇంకా గట్టిగా కొట్టండ్రా!" అని పిచ్చయ్య బాబాయి కేకలు. నీ ఉత్తరం అరిచి చదివాను. నా గొంతు నాకే వినపడలేదు. చివరికి షౌకత్ డప్పులు కాచుకునే మంట మీద కడివెడు నీళ్లు కుమ్మరించి, అందరినీ తోసేశాడు. అప్పుడాగాయి. అప్పటికే నాన్న కూడా ఆగిపోయాడు.

నువ్వొచ్చేలోపు స్నానం చేయించేశారు కాబట్టి ఒక సంగతి నీకు తెలియదు. ఆ పాదం నేనే కడిగాను. ఆకు పసరు మరక కింద గాయం పూర్తిగా మానిపోయి ఉంది. లేత చర్మం కూడా వచ్చేసింది. అమ్మ దాని మీద వేలితో నిమిరి, "చూడవే, మానింది గదా! మానినాక ఎందుకు పోయాడే?" అంది. ఇప్పటికీ రోజూ అదే అడుగుతోంది. నేను చెప్పలేదు. చెబితే తను పెట్టించిన డప్పులే ప్రాణం తీశాయని తెలుస్తుంది, ఆ మనిషి బతకదు. అమ్మోరు తీసుకుపోయిందనే అనుకోనీ. నువ్వూ ఎప్పుడూ చెప్పొద్దని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మధ్యలో లేవాల్సి వచ్చింది. పోలమ్మత్త పాదంలో మేకు దిగిందని కుంటుకుంటూ వచ్చింది. అమ్మ ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, నాన్న తెచ్చుకున్న ఆకులో మిగిలింది రోట్లో నూరుతోంది. "ఏం భయపడబాక వదినా, మా ఆయనకి మచ్చ కూడా లేకుండా మానింది" అంటోంది.

ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను. నన్ను తిట్టుకోకు. వెళ్లి అమ్మకి చెప్పాలి.

కృష్ణవేణి