చీనీచెట్లకు పట్నపు నీరు

చిరంజీవి ఓబులేసును అన్న రామసుబ్బయ్య ఆశీర్వదించి వ్రాయునది. నా కంటి శస్త్రచికిత్స సుఖంగా జరిగింది, దిగులు వద్దు.

కట్టు విప్పిన మూడవనాడు, పొద్దు పొడిచే వేళ, కర్నూలు శివారున శుద్ధిచేసిన మురుగునీటితో సాగయ్యే చీనీతోటను చూశాను. పూతవాసన తప్ప మరే వాసనా లేదు. పట్టణమంతా స్నానమాడి, బియ్యం కడిగి విడిచిన నీరు తేటపడి, ఆకాశాన్ని మోసుకొని చెట్ల మొదళ్లకు నడిచి వస్తున్నది. కళ్లు మూసుకుంటే మన చెట్లే తాగుతున్నట్లు తోచి, గట్టుపై చాలాసేపు నిలిచిపోయాను. తోటరైతు నవ్వాడు. “ఏం సారూ, వాసన చూస్తాండారా? ముక్కు మూసుకొని వచ్చినోళ్లంతా సంచి నింపుకొని పోతాండారు. మా తొలికాయ అమ్మవారికే పోతాది.”

అటువంటి నీటితో పండిన కాయ అమ్మవారికి పనికిరాదని నిరుడు మన వసారాలో తీర్పు చెప్పినవాణ్ణి నేనే. బావగారి మాట దాటరాదని నీ భార్య లక్ష్మీదేవమ్మ, కడప నుండి మన ఊరికి రాబోయే ఆ నీటిని నేటికీ వద్దంటున్నది. ఆమె కాదన్నాక నీవు సంతకం చేయవు. బోరు ఎండింది, సమ్మతి కాగితానికి శుక్రవారమే గడువు. ఓబులేసూ, నేను తెలియక పలికాను.

దక్షిణపు వరుసలో ఎన్ని చెట్లకు ఆకు మిగిలిందో వ్రాయి. నా గొడుగు వచ్చేవారిచేత పంపు.

తమ్ముని భార్యతో నేరుగా మాట్లాడే ఆచారం మనకు లేదు కదా. కనుక ఈ కార్డును వంటింటి గడప దగ్గర కూర్చుని, ఒక్క అక్షరమూ మింగకుండా, పైకి చదువు.