మొట్టికాయల ట్రే

వారపత్రికలో పాఠకుల అభిప్రాయాలు చూసే సబ్ ఎడిటర్ గారికి,

నమస్కారాలు. పురావస్తు తవ్వకాల శాఖలో ముప్పైమూడేళ్ళు కొలతల గుమాస్తాగా టేపు పట్టి, నాలుగేళ్ళ కిందట రిటైరైనవాణ్ణి. మీ "మూడో పొర" సీరియల్ని మొదటి భాగం నుంచీ, అంటే పదకొండేళ్ళుగా, ఒక్క వారం వదలకుండా చదువుతున్నాను. తవ్వకాల డాక్టరమ్మ గోతిలోకి దిగుతుంది, ఏదో పాత వస్తువు దొరుకుతుంది, దాని వెనక ఎప్పటిదో హత్య బయటపడుతుంది. బాగానే ఉంది. కానీ 587వ భాగం చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

డాక్టరమ్మ ఎడమ చేత్తో లాంతరు పట్టుకుంది. కుడి చేత్తో బ్రష్షు పట్టి మట్టి దులిపింది. పైన జోరున వాన, నెత్తిన గొడుగు. ఆ గొడుగు ఎవరు పట్టారండీ? గోతిలో నరమానవుడు లేడని రచయిత్రిగారే రాశారు కదా! పైగా దొరికిన కుండని కొలవకుండా, బొమ్మ గీయకుండా చంకలో పెట్టుకుని పైకొచ్చేసింది. అలా లేపేస్తే దాన్ని తవ్వకం అనరు, దొంగతనం అంటారు. నా సర్వీసులో అలాంటి పని చేసినవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్ళం.

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. కుట్టుమిషన్ ఆపి మరీ విని, "అయితే కుండని ఎలా తియ్యాలండీ?" అంది. చెప్పేసరికి గంటంబావు పట్టింది.

ఇట్లు,
టేపు తాత (వీధిలో అందరూ అలాగే పిలుస్తారు)

తా.క. డాక్టరమ్మకి పదకొండేళ్ళుగా ఇరవైతొమ్మిదేళ్ళే. ముందు ఆ రహస్యం ఛేదించమనండి.

*

గౌరవనీయులైన పాఠక మహాశయులకు,

మీ లేఖ అందింది. రిజిస్టరులో ఎక్కించాం. మీ అమూల్యమైన అభిప్రాయంలోంచి స్థలాభావం వల్ల "గొడుగు ఎవరు పట్టారండీ?" అన్న ఒక్క వాక్యమే వచ్చే సంచికలో వేస్తున్నాం.

భవదీయ,
సబ్ ఎడిటర్, అభిప్రాయాల విభాగం

తా.క. మీ ఉత్తరం రచయిత్రిగారికి చదివి వినిపిస్తే, "ఈసారి పట్టుకోడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందట?" అని అడిగారు. ఎందుకడిగారో నాకు బోధపడలేదు.

*

సబ్ ఎడిటర్ గారికి,

నేను వృత్తిరీత్యా నర్సుని. మా వీధిలో టేపు తాతగారని ఒక పెద్దమనిషి ఉన్నారట. ఆయనెవరో నేను ఎరగను. చాలా తెలివైనవారని మాత్రం విన్నాను.

590వ భాగంలో మూడో పొర తవ్వగానే దాని కింద రెండో పొర వచ్చింది. మేడ మెట్లు దిగుతూ మూడో అంతస్తు తర్వాత రెండో అంతస్తుకి వచ్చినట్టు అనుకున్నారా? తవ్వకంలో లెక్క పైనుంచి మొదలవుతుందండీ. పైది ఒకటి, దాని కింద రెండు, దాని కింద మూడు. ఇంజక్షన్లు పొడుచుకు బతికే నాకే తెలిసిన సంగతి అంత పెద్ద డాక్టరమ్మకి తెలియకపోతే ఎలా?

ఇట్లు,
ఒక నర్సు

తా.క. మా వీధి సెలూన్ ఆయన, హెడ్‌మిస్ట్రెస్ గారు, లారీ డ్రైవరు కూడా రాస్తామన్నారు. అందరి దస్తూరీ ఒకేలా ఉంటే ఆశ్చర్యపోకండి. మా వీధికంతటికీ ఒకటే కలం.

*

గౌరవనీయులైన టేపు తాతగారికి,

మీకో శుభవార్త. మా బల్ల మీద రెండు ట్రేలుంటాయి. ఒకటి మెచ్చుకోళ్ళది, ఒకటి మొట్టికాయలది. ఉత్తరంలో "తప్పు" అన్న ధోరణి కనిపిస్తే చాలు, రెండో ట్రేలో పడేస్తాం. మూణ్ణెల్లకోసారి రెండూ ఎడిటరుగారి గదికి వెళతాయి. ఈసారి మొట్టికాయల ట్రే మొయ్యడానికి ఇద్దరు కావలసివచ్చింది. అందులో సగానికి సగం మీ ఒక్క వీధివే. మెచ్చుకోళ్ళ ట్రేలో మీ వీధి నుంచి ఒక్క కాగితం ముక్క లేదు.

ఎడిటరుగారు చూసి, "ఒక వీధి వీధంతా ఇంతగా ఏవగించుకుంటుంటే ఇంకా ఎందుకు మోస్తున్నాం?" అన్నారు. కాబట్టి 600వ భాగంతో "మూడో పొర" ముగుస్తుంది. మీ పోరాటం ఫలించింది. అభినందనలు.

భవదీయ,
సబ్ ఎడిటర్

తా.క. దాని స్థానంలో వంటింటి చిట్కాలు వేస్తాం. వాటిలో తప్పులుండవని హామీ ఇస్తున్నాం.

*

అమ్మా సబ్ ఎడిటరమ్మా,

కొంప ముంచావు తల్లీ! ఏవగింపేమిటి? పదకొండేళ్ళ సంచికలు అట్టలు వేసి దాచుకున్నవాణ్ణి పట్టుకుని ఏవగింపంటావా? తప్పు పట్టామంటే అంత శ్రద్ధగా చదివామనే కదమ్మా అర్థం. నచ్చనిదాన్ని పక్కన పడేస్తాం గానీ కూచుని దానికి ఉత్తరం రాస్తామా?

ఇక దాచి లాభం లేదు. నర్సు నేనే. సెలూన్ ఆయన్నీ నేనే, హెడ్‌మిస్ట్రెస్‌నీ నేనే. "స్టీరింగు పట్టిన చేత్తో రాస్తున్నాను" అన్న లారీ డ్రైవరునీ నేనే. ఒక్కడే వారానికి ఐదుత్తరాలు రాస్తే బాగుండదని సిగ్గుపడి అలా చేశాను.

అసలు బాధ చెబుతాను, నవ్వకు. రిటైరై ఇంటికొచ్చాక మా ఇద్దరికీ మాటలు అయిపోయాయమ్మా. ఉప్పు సరిపోయిందా, సరిపోయింది. తలుపు వేశావా, వేశాను. రోజంతటికీ అంతే. ఉద్యోగమంతా ఊళ్ళు పట్టుకు తిరిగానేమో, ఇంట్లో మనిషితో ఏం మాట్లాడాలో నేర్చుకోలేదు. ఒక్క మీ పత్రిక వచ్చిన రోజు మాత్రం నేను తప్పు పట్టుకుని వెళతాను, ఆవిడ ఎందుకని అడుగుతుంది, నేను చెబుతాను. ఆ రోజు మా ఇల్లు ఇల్లులా ఉంటుంది. సీరియల్ ఆగిపోతే నేను ఏ మొహం పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏం మాట్లాడను? భయంగా ఉందమ్మా. ఆపకండి. కాళ్ళావేళ్ళా పడమన్నా పడతాను.

ఇట్లు,
ఒకే ఒక్క టేపు తాత

తా.క. వంటింటి చిట్కాలు మా ఆవిడకి చదివి వినిపిస్తే తప్పులు పట్టేది ఆవిడ. వినాల్సింది నేను. దానికి నేనింకా సిద్ధంగా లేను.

*

అయ్యా,

మీ ఉత్తరం చదివి నాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే ఎడిటరుగారి గదికి పట్టుకెళ్ళాను. అదే నేను చేసిన పొరపాటు. ఆయన రెండుసార్లు చదివి, బల్ల గుద్ది, "ఇంత బాగా బతిమాలే పాఠకుడు ఎక్కడైనా ఉంటాడా? ఇది సీరియల్ నిలబెట్టుకోడానికి రచయిత్రి రాసుకున్న ఉత్తరం" అన్నారు. ఆయన దృష్టిలో ఇప్పుడు నర్సూ, డ్రైవరూ నిజం మనుషులు, మీరొక్కరే కల్పన.

మీ వీధి వాళ్ళ చేత, వాళ్ళ సొంత దస్తూరీలో, సీరియల్ మీద నిజమైన అభిప్రాయాలు రాయించి పంపితే ఆలోచిస్తామన్నారు. త్వరపడండి.

భవదీయ,
సబ్ ఎడిటర్

తా.క. మీరు లేరని మీకే తెలియజేయవలసి వచ్చినందుకు చింతిస్తున్నాం.

*

అమ్మాయ్,

ఈ కవరులో నాలుగు ఉత్తరాలున్నాయి. పంపుతానని వీధివాళ్ళకి మాటిచ్చాను కాబట్టి పంపుతున్నాను గానీ, చదవకుండా చించేస్తే నీ మేలు మరచిపోను.

పాత సంచికలు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నర్సమ్మ ఆస్పత్రి వరండాలో ఒక్క భాగం చదివి, "కట్టు ఇలాగా కట్టేది? చెయ్యి కుళ్ళిపోదూ!" అని రెండు పేజీలు రాసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎర్ర సిరాతో భాగమంతా దిద్ది వందకి నలభైఒక్క మార్కులు వేసి, తల్లిదండ్రుల సంతకం కావాలన్నారు. డ్రైవరు రాయలేదు, చెప్పాడు, నేను రాసుకున్నాను. కాబట్టి అది కూడా మీవాళ్ళు నమ్మరు.

అన్నిటికంటే సెలూన్ ఆయనది ఘోరం. "ఈ కథ ఎలా ఉంటుందో నాకు తెలియదు. గడ్డం గీస్తున్నంతసేపూ టేపు తాత తల ఊపుతూ పొరల గురించి చెబుతారు. రెండుసార్లు తెగింది. దయచేసి సీరియల్ ఆపెయ్యండి" అని రాసిచ్చాడు. పదిహేనేళ్ళుగా నా గడ్డం గీస్తున్నవాడు! ఎవర్ని నమ్మాలి చెప్పు?

ఇంట్లో పరిస్థితి ఏమీ బాగాలేదు. సీరియల్ ముగుస్తుందన్న ప్రకటన చూసిన దగ్గర్నుంచీ నాకు నోరు పెగలడం లేదు. పదకొండు రోజులైంది. మా ఆవిడ రెండుసార్లు వచ్చి, "ఈ వారం ఏం తప్పు దొరికిందండీ?" అని అడిగింది. ఏం లేదన్నాను. మళ్ళీ కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇట్లు,
ఉన్నాడో లేడో తెలియని
టేపు తాత

తా.క. ఆ నలభైఒక్క మార్కులు రచయిత్రిగారికి చెప్పకు. పాపం, నొచ్చుకుంటారు.

*

బాబాయిగారికి (ఇంకా "అయ్యా" అని రాయబుద్ధి కావడం లేదు),

సీరియల్ 600తో ఆగిపోతోంది. కానీ ఎడిటరుగారి వల్ల కాదు. ఉత్తరాలన్నీ పట్టుకుని నేనే రచయిత్రిగారింటికి వెళ్ళాను, "కొనసాగిస్తానని మీరొక్కమాట అంటే ఎడిటరుగారిని నేను ఒప్పిస్తాను" అని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

ఆవిడ ఇరవయ్యేళ్ళు మ్యూజియంలో పనిచేసిన మనిషి. వాళ్ళింట్లో పుస్తకాల బీరువా పక్కన చిన్న తాపీలు, బ్రష్షులు, టేపులు వరసగా వేలాడుతున్నాయి. కుండని ఎలా తియ్యాలో మీకెంత తెలుసో ఆవిడకీ అంతే తెలుసు. "మరి ఈ తప్పులేమిటండీ?" అని అడిగితే, బీరువాలోంచి ఒక కార్డుల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టారు. నాలుగేళ్ళవి. అన్నీ ఒకే దస్తూరి. ఈసారి ఆ దస్తూరి మీది కాదు.

మొదటి కార్డు ఇది: "అమ్మా, మా ఆయన రిటైరైన దగ్గర్నుంచీ గోడకేసి చూస్తూ కూచుంటున్నారు. పోయినవారం మీ సీరియల్లో ఏదో తప్పుందని వచ్చి నాతో గంటసేపు మాట్లాడారు. దయచేసి వారానికి రెండు తప్పులు వెయ్యగలరా? పెద్దవైతే మరీ మంచిది."

రచయిత్రిగారు వేశారు బాబాయిగారూ. నాలుగేళ్ళపాటు, వారం వారం, మీకోసం కొలిచి మరీ వేశారు. "ఒప్పులైతే ఎన్నయినా రాయగలను. నా దగ్గర తప్పులే అయిపోయాయమ్మా, ఇక నావల్ల కాదు" అని చేతులెత్తేశారు.

నేను తిరిగి ఆఫీసుకొచ్చేసరికి పిన్నిగారి దగ్గర్నుంచి నా పేర కార్డు వచ్చి ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"తప్పులు వెయ్యమని రచయిత్రిగారిని అడిగింది నేనేనని ఆయనకి చెప్పెయ్యండి. నేను చెబితే దెబ్బలాటవుతుంది, మీరు రాస్తే కుదురుగా చదువుతారు. ముప్పైమూడేళ్ళు ఆయన ఎక్కడెక్కడి గోతుల్లో దిగి ఏం చూసొచ్చారో నాకు చెప్పలేదు. పిల్లల పనీ కుట్టుపనీ పెట్టుకుని నేనూ అడగలేదు. ఈ సీరియల్ వంకతో నాలుగేళ్ళుగా వింటున్నాను. ఎంత బాగా చెబుతారో ఆయనకే తెలియదు. మా పెళ్ళయి నలభై నాలుగేళ్ళయింది. ఇంకా వంక కావాలా? తప్పులు లేకపోయినా నేను వింటానని ఆయనకి రాయండి."

రాశాను.

ఇట్లు, మీ అమ్మాయి,
సబ్ ఎడిటర్

తా.క. కార్డు వెనకవైపు ఇంకో వాక్యం ఉంది. ఆ నలభై నాలుగు తప్పు లెక్కట, కావాలనే వేశారట. దిద్దాలనిపిస్తే మాకు ఉత్తరం రాయకండి. లేచి పక్కగదిలోకి వెళ్ళండి.