సౌనా బయట బల్ల

ఓవులు, శనివారం

హిల్కా అక్కా,

అమ్మ ఫోనుకి అప్‌డేట్ ఎప్పుడొస్తుందని అడిగావు. ఇక రాదు. మా కంపెనీ ఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఆపేయాలని మా పైవాళ్ళు నిన్న ఆఫీసు సౌనాలో, ఆ ఆవిరిగదిలో కూర్చుని తేల్చేశారు.

ఆవిరిలో కూర్చుని అబద్ధమాడకూడదని నాన్న అనేవాడు, గుర్తుందా? మా డైరెక్టరు రౌనో ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని, "పోయే ప్రాణానికి మందులెందుకయ్యా? అసలు దాన్ని వాడేదెవరు?" అన్నాడు. మా అమ్మ వాడుతోందన్నాను. అందరూ పకపకా నవ్వారు.

బయటికొచ్చి బట్టలు వేసుకుంటుంటే, బల్ల మీద వాళ్ళ ఫోన్లు కనిపించాయి. ఒక్కటీ మాది కాదు, అన్నీ పోటీ కంపెనీవే. మన ఫోను జనం కొనకపోవడం మీ చేతకానితనమేనని ఇన్నాళ్ళూ మమ్మల్ని తిట్టిన పెద్దమనుషులు వీళ్ళు.

రౌనో తన ఫోను తీసి, "కాస్త ఆగండయ్యా, అప్‌డేట్ అవుతోంది. ఇదయ్యాకే టాక్సీని పిలవగలను" అన్నాడు. అందరూ బుద్ధిగా నిలబడ్డారు. నేను మంచులో నడిచి ఇంటికొచ్చేశాను.

అమ్మకి ఆ పోటీ కంపెనీ ఫోనే కొనిపెట్టు. నా కొడుకు చేసింది కాకపోతే నాకొద్దని మొండికేస్తుంది. తమ్ముడి డైరెక్టరు వాడేది ఇదేనని చెప్పు.

నీ తమ్ముడు