పట్టాముక్క గంట

తిరువొత్తియూరు,
మే 4.

ప్రియమైన నాన్నకి,

మీ ఫోన్లన్నీ మేస్త్రి నాగలింగం పెట్టెలో ఉంటాయి కదా. అందుకే ఇటుకల లారీతో మాధవరం వచ్చే పెరుమాళ్ మామకు ఈ ఉత్తరం ఇస్తున్నాను. పిన్ని ఇంట్లో బాగున్నాను. కాలేజీలో వేసవి మీద నేను రాసిన వ్యాసాన్ని మేడమ్ అందరికీ చదివి వినిపించారు. అది రాసేటప్పుడు 'వడదెబ్బ' అనే మాట దగ్గర మాత్రం ఆగిపోయాను.

అమ్మ పోయి రేపటికి ఏడాది. మీ ఇటుక బట్టీలో విరామం గంట మోగందే ఎవరూ ఇటుక అచ్చు కింద పెట్టకూడదు. షెడ్డుకు వేలాడే ఆ రైలు పట్టాముక్కను నాగలింగం తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆ రోజు పదకొండుకే అమ్మకు కళ్ళు తిరిగితే, "ఇంకా గంట కొట్టలేదే, ఏం తొందర మేరీ?" అన్నాడట. ఒంటిగంటకు వాడు కొట్టేసరికి అమ్మ అచ్చు మీదే ఒరిగిపోయింది.

గురువారం మీ వైపు నలభై రెండు డిగ్రీల ఎండ, ఆపైన పిడుగులతో వాన అని హెచ్చరిక వచ్చింది. మైదానం నిండా పచ్చి ఇటుకలున్నాయట. నాగలింగానికి చెప్పకు నాన్నా. అన్నీ బురద కావాలి. వాడు ఓనరు ముందు తల దించుకుని నిలబడాలి.

నీ కూతురు,
వినోదిని


ఊత్తుకోట దగ్గర, బట్టీ,
మే 6.

ప్రియమైన చిట్టితల్లికి,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. ఆ హెచ్చరిక వాడి ఫోనుకూ వచ్చింది. "దినమూ ఇదే మెసేజీ, చినుకు యాడ? పోయి మట్టి తొక్కండి" అని నవ్వాడు.

వాన వస్తే టార్పాలిన్లు కప్పేది వాడు కాదమ్మా. పిడుగుల కింద మైదానంలో పరుగెత్తేది మేము నలభై మందిమి. నువ్వు అది మరిచిపోయావు. పరీక్షలకు చదువుకో.

మీ నాన్న,
కాటయ్య


తిరువొత్తియూరు,
మే 11.

ప్రియమైన నాన్నకి,

గురువారం ఇక్కడ కూడా సముద్రం మీద ఆకాశం చీలినట్టు మెరిసింది. తిరువళ్లూరు వైపు పిడుగుపాటుకు కూలీలు పోయారని టీవీలో చెప్పారు, పేర్లు చెప్పలేదు. మూడు రోజులుగా మాధవరం బస్టాండు దగ్గర నిలబడుతున్నాను, పెరుమాళ్ మామ లారీ రాలేదు. అందుకే దీన్ని పోస్టులో వేస్తున్నాను.

వాడి మీది కోపంలో నిన్ను మరిచిపోయాను. మాటలంటే ఇంత ఇష్టమని చెప్పుకుంటాను, ఇప్పుడు నాకు కావలసింది నీ చేతి రాతలో ఒక్క మాట.

నీ వినోదిని


బట్టీ,
మే 16.

ప్రియమైన వినోదినికి,

బతికే ఉన్నాను. దారి తెగిపోయి లారీ రాలేదు.

ఆ గురువారం మూడున్నరకు మబ్బు కమ్మింది. మొదటి పిడుగు రోడ్డు పక్క తాటిచెట్టు మీద పడింది. "చూస్తా నిలబడినారే, పోండ్రా ఆడికి, కప్పండి" అని నాగలింగం అరిచాడు. ఆడవాళ్ళు టార్పాలిన్లు ఎత్తుకున్నారు. ఆ వరుసలో నాకు మీ అమ్మ కనిపించింది. సుత్తి తీసి గంట కొట్టాను.

గంట మోగితే చేతిలోది వదిలి షెడ్డులోకి రావడమే మాకు తెలిసింది. ఆలోచించకుండానే అందరూ వచ్చేశారు. వాడొక్కడే టార్పాలిన్ ఈడ్చుకుంటూ వానలో తిరిగాడు. నేను వాణ్ణి రమ్మని పిలవలేదు. నీ దగ్గర దాచను. పిడుగు వాణ్ణి వదిలేసింది. వాన ఇటుకలను వదల్లేదు.

మరునాడు ఓనరు వచ్చి, "వాన మొదట్లోనే గంట కొట్టింది ఎవుడు?" అని అడిగాడు. అందరూ ఒకే మాట అన్నారు: "మేస్త్రి తప్ప ఇంకెవరు కొడతారయ్యా?"

నాగలింగం కాదని ఎంత మొత్తుకున్నా ఓనరు వినలేదు. ఇప్పుడు వాడు నా పక్క వరుసలో అచ్చు పోస్తున్నాడు. సుత్తి నాకిచ్చారు. ఇకమీద గంట పదకొండుకే.

నిన్న ఎండకు వాడి పెదవులు తెల్లబడ్డాయి. "కాటయ్యా, తల తిరగతా ఉండాది, ఇంకా కొట్టలేదా?" అన్నాడు.

"ఏం తొందర, నాగలింగం?" అన్నాను.

వాడి ముఖంలో రంగు మారింది. మీ అమ్మ గుర్తొచ్చింది వాడికి. అప్పుడు పట్టాముక్క దగ్గరికి నడిచి, పదకొండుకు సరిగ్గా, వాడి కళ్ళలోకి చూస్తూ కొట్టాను. వాడు తల దించుకునేదాకా కొడుతూనే ఉన్నాను.

మీ నాన్న,
కాటయ్య