బల్లి దాయాది

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పాన్‌గల్ బడిల నీ తరగతి ఇప్పుడు నాది. పొద్దున బయలెల్లుతుంటే నా భుజం మీద బల్లి పడ్డది. "ఇయ్యాల పోకు బిడ్డా" అని అమ్మ అడ్డం నిలవడ్డది. తానం చేసి, దీపం పెట్టి, పోయిన. నువ్వు చెప్పకుండనే మిగిలిన పాఠం ఇయ్యాలే చెప్పాలనుకున్న.

గోదావరి దిక్కు రాళ్లల్ల దొరికిన జురాసిక్ కాలపు చిన్న జీవిని బోర్డు మీద గీసిన. "బల్లే గద మేడం" అన్నరు పిల్లలు.

"కాదు, బల్లికి దాయాది. ఇద్దరికీ తాత ఒక్కడే. దీని వంశం మాత్రం మన దేశంల మిగల్లేదు" అన్న.

అప్పుడే గోడ మీద బల్లి పలికింది. పిల్లలంత "సత్యం" అనుకుంట బెంచీల మీద వేళ్లతో తట్టిండ్రు. శకునాలు నమ్మకపోయినా నువ్వు గూడ తడుతుంటివి. నీ వంతు గూడ నేనే తట్టి, పాఠం ముందుకు తీస్కపోయిన.